మూడో మెట్టు

ఇల్లు కట్టినప్పుడు వీధిలోంచి మూడు మెట్లెక్కేవాళ్ళం.
మొదటిది మా పేట మునిసిపాలిటీలో కలిసిన ఏడు పోయింది,
చేపల చెరువు పూడ్చే టిప్పర్లకని గ్రావెల్ పోస్తే.
రెండోది సిమెంటు రోడ్డు కిందుంది,
తడి ఆరకముందే అత్తగారు మేకుతో గీసిన
మా పెళ్ళి తేదీతో సహా.

నిన్న మళ్ళీ పొక్లెయిన్ వచ్చింది.
నూకరత్నం పిన్ని కుళాయి గొట్టం తెగింది.
కేబులు పోయి సీరియల్ సగంలో ఆగింది.
వీధి వీధంతా బయటికొచ్చి ముఖాలు చూసుకుంది.
నాలుగేళ్ళుగా ఎదురింట్లో ఉంటున్న
భీమడోలు వాళ్ళ కోడలి పేరు
హేమసుధ అని అప్పుడే తెలిసింది నాకు.

"ఎంత లేపుతారు?" అన్నారు మా ఆయన.
మేస్త్రీ చేత్తో చూపించాడు, జానా బెత్తెడు.
"ఆ బెత్తెడూ తగ్గించరాదా?"
కొత్తిమీర కట్ట కొసరు అడిగినట్టే అడిగారు.
"ఎస్టిమేషనండి. ఆయ్."

రాత్రి వాన. యనమదుర్రు నిండుగా ఉందట.
గుమ్మానికడ్డంగా ఇసక బస్తాలు.
కుట్టుమిషను ఇటికల మీదికి,
ఊళ్ళోవాళ్ళ జాకెట్టు ముక్కలు మంచం మీదికి,
మేం ముగ్గురం మిగిలిన చోటులోకి.
నీళ్ళు వచ్చినంతమేరా గోడమీద
పెన్సిలుతో గీశాడు మా చంటాడు,
తన పొడుగు గీతల పక్కనే, తేదీ వేసి.

తెల్లారింది. వాన వెలిసింది.
పాల ప్యాకెట్టుకి వెళ్ళొచ్చిన అత్తగారు
రోడ్డుమీంచి ఇంట్లోకి దిగాల్సిన చోట
చీర కుచ్చిళ్ళు పట్టుకుని
అలవాటుగా
కాలు పైకెత్తింది.