దోనె పద్దు

ఇరవై ఆరు వేలు. అది దోనె ఒక్కదాని రేటు.
మా ఆయన పోలయ్య ఊళ్ళో అదే చెప్పుకుంటుండాడు.
నేను నోటుబుక్కులో ఇరవై ఆరు కింద
గీత గియ్యలేదు ఇంకా.

ఇస్కపల్లి ఉప్పుటేట్లో పీతల బోన్లు దించడానికి
ఫైబరు బోటు దండగ.
మోకాల్లోతు నీళ్ళకి చెక్క దోనె చాలు.
చేసే వడ్రంగి అల్లూరులో
కల్యాణమండపానికి తలుపులు చేస్తుండాడు, రానన్నాడు.
రాష్ట్రం దాటితే పళవేర్కాడులో ఉందన్నారు,
సెల్వరాసు అనే ఆయన దగ్గర,
వాడినదే, చిల్లు లేదు.

బిట్రగుంటలో రైలెక్కి పొన్నేరిలో దిగాము.
మా ఇళ్ళల్లో ముసలోళ్ళ తిట్లు సగం అరవమే కాబట్టి
బేరానికి ఇబ్బంది లేకపోయింది.
ముప్పై దగ్గర మొదలెట్టి ఆయన దిగాడు,
ఇరవై రెండు దగ్గర మొదలెట్టి మేం ఎక్కాము.

"ముందు ఒక రూపాయి ఏసి చూడు" అన్నాను.
ఎవురికైనా సరే, నేను ముందు రూపాయే ఏయిస్తా.
పోతే రూపాయితో పోతుంది.
ఫోన్లో చక్రం తిరిగింది, పచ్చటి టిక్కు పడింది,
పేరొచ్చింది:
కన్నియమ్మాళ్.

ఎవురీమె? అన్నాను.
సెల్వరాసు నా వైపు కాదు, దోనె వైపు చూశాడు.
దోనె ఆమెదే అంట.
చెరువులో చేత్తో తడిమి రొయ్యలు పట్టేదంట.
పోయి పది నెలలంట.
ఖాతా మార్చమంటే బ్యాంకులో కాగితం అడిగారు,
ఆ కాగితానికి తాలూకాఫీసులో ఇంకో కాగితం.
ఇప్పుడు డబ్బు లోపలికి పోద్ది, బయటికి రాదు,
మా పీతల బోను లెక్కనే.
"నోట్లుగా ఇవ్వండమ్మా" అన్నాడు,
అడగకూడనిదేదో అడిగినట్టు.

మొదటి ఏటీఎంకి షట్టరు.
రెండోది పదివేలిచ్చింది,
మళ్ళీ గీకితే నాలుగు వేలకే ఖాళీ.
ఉచితం అయిపోయిందని గీకుడికి ఇరవై మూడు, రెండు సార్లు.
మిగతా పన్నెండు వేలకి ఒక సెల్ కొట్టోడు
వెయ్యికి పదిహేనన్నాడు.
తెలుగోళ్ళకొక రేటా అని తగులుకున్నా.
"ఫోనుకి భాష లేదక్కా" అని
పన్నెండుకి దిగాడు.

టాటా ఏస్‌కి ఆరున్నర వేలు.
వెనక బయటికి పొడుచుకొచ్చిన మొనకి ఎర్రగుడ్డ.
ఆరంబాకం దగ్గర ఒకాయన టార్చి ఏసి
లోపలేముంది? అన్నాడు.
ఖాళీ దోనె సార్.
ఖాళీదాన్ని ఇంత దూరం ఎందుకు మోస్తుండారు?
దానికి నా దగ్గరా జవాబు లేదు.
పర్మిట్టు నాలుగొందల యాభై.

"తాతల కాలంలో అయితే
బకింగ్‌హాం కాలవలో తోసుకొచ్చుందుమే,
పైసా పడేది కాదు" అన్నాడు పోలయ్య.
కాలవలో ఇప్పుడు తుమ్మచెట్లుండాయి.

టికెట్లు, తాళ్ళు, టీలు కలిపి
ముప్పైమూడు వేల నాలుగొందల ఎనభై.
దోనె కాని దోనె ఏడున్నర వేలు దాకా.
ఆ ఎనభై పక్కన ఇంకొక్క రూపాయి.

సెల్వరాసు చొక్కాజేబు తడిమి బిళ్ళ ఇవ్వబోయాడు.
పోలయ్య చెయ్యి చాపాడు కూడా.
నేను ఆ చెయ్యి మీద ఒకటిచ్చా.
సచ్చిపోయినామె దగ్గరికి మేం పంపిందాన్ని
బతికున్నాయన దగ్గర తీసుకుంటే
అది ఏ పద్దు?

ఖర్చు వరసలో రాశాను, కొట్టేశాను.
అప్పు వరసలో రాశాను. ఎవురికి బాకీ?
బుక్కు మూసి దిండు కింద పెట్టా.

తెల్లారి ఏట్లోకి దించితే
దోనె ఎడమకి ఒరుగుతుంది.
"చెప్పలేదు చూడు దొంగనాయాలు" అని పోలయ్య తిడుతుండాడు.
చిల్లు లేదు, నిజమే.
కూర్చునే చెక్క ఎడమ అంచు
ఒక మనిషి మోకాలు మేర నున్నగా అరిగిపోయుంది.

"ఈ పక్కకి జరగవే" అంటాడు.
నేను బోను తాడు విప్పుతా
అక్కడే కూర్చున్నా.