అద్దం మీద దుక్కి

నలభై ఏళ్లుగా అరండల్‌పేట కొట్లో
నా పని ఒక్కటే: గరుకును చంపడం.
ఎర్రపొడి నీళ్లలో కలిపి
తిరిగే చక్రానికి కటకాన్ని అద్ది అద్ది
ఈగ వాలితే కాలు జారేంత నున్నగా చేసేవాణ్ణి.

నిన్న కరెంటు పోయి వచ్చాక
ల్యాబు నుంచి మా చెల్లెలి కూతురు రమీజా వచ్చింది.
దూదిలోంచి రూపాయి బిళ్లంత గాజుముక్క తీసి
"సగం లేజరుతో గీశాం, మామూ, చూడు" అంది.

గీశారా!
గీత పడిందని నాతో పోట్లాడి
డబ్బులు ఎగ్గొట్టిన వాళ్ల లెక్క
ఇంకా సొరుగులో ఉంది.

ట్యూబులైటు కింద పట్టాను.
ఈ సగంలో లైటు తెల్లటి పుల్లలా పడుకుంది,
నడిమికొచ్చి టక్కున తెగిపోయింది.
ఆ సగంలో లైటు లేదు, ఫ్యాను లేదు,
వంగి చూస్తున్న నా మొహమూ లేదు.
అసలు గాజు ఉందా అని వేలు పెట్టాను.
"ముట్టుకోకు!" అనేలోగా
బొటనవేలు సంతకం చేసేసింది.

దీపం పురుగు కన్ను చీకట్లో మెరవదట.
మెరిస్తే పిట్టకు దొరికిపోతుంది.
ఆ కంటి నిండా మన కంటికి ఆనని బొడిపెలట,
వాటిని చూసే ఇది నేర్చారట.

నాకు మాత్రం ప్రత్తిపాడు దగ్గర
అబ్బా కౌలుకు చేసిన నల్లచేను కనిపించింది.
దున్నని చోట తొలకరి చిట్లి
డొంకలోకి పారిపోయేది.
చాళ్లలో చప్పుడు చెయ్యకుండా ఇంకేది.
"అయితే ఇది వెలుగుకి దుక్కి" అన్నాను.
"గోరంత దున్నడానికి పూటంతా పట్టింది" అని నవ్వింది.

గోడ మీద ఖాతూన్ ఫోటో.
పటం అద్దంలో పొద్దస్తమానం ఆటోలు
ఆమె బుగ్గల మీదుగా మూడో లైనుకి మళ్లుతాయి.
పటం దించాను, మేకులు పీకాను,
అద్దం పక్కన పెట్టి
బిళ్లను ఫోటోకి ఆనించాను.
దున్నిన సగంలో ఒక్క కన్ను పట్టింది.
ఆ కంట్లో వీధి లేదు.

"అద్దమే తీసేశాక ఇదెందుకు, మామూ?"
"మిరప దుమ్ము పడకుండా" అన్నాను.
ఆమె ఏమీ అనలేదు.

దూదిలో చుట్టుకుని తీసుకెళ్లింది.
రేపు కొలిచేటప్పుడు
ఒక మూల వెలుగు వెనక్కి కొడుతుందట.
అది నా వేలు.
నలభై ఏళ్ల నునుపు
అంత తేలిగ్గా వదలదు.