తోలుబూట్ల చారలు

ఆదివారం పొద్దున్నే వ్యాయామశాల తాళం నేనే తీస్తాను.
బయట కుపిష్కిస్ ఊరంతా మోకాలి లోతు మంచు,
లోపల నిన్నటి చెమట వాసన,
ఎవరో మర్చిపోయిన ఒంటి చేతితొడుగు.
మూడు వరుసల దీపాల్లో ఒకటే వెలిగిస్తాను.
ఏటవాలు వెలుతురులో నేల దాచుకోలేదు.

కుర్రాళ్ల బూట్లు గీతలు మిగల్చవు,
కీచుమంటాయి, అంతే.
నల్లచారలన్నీ ఒక్క మనిషివి,
కోచ్ రిమ్‌గౌదాస్‌వి.
రబ్బరు బూట్లు తొడుక్కోవయ్యా అని
పదకొండేళ్లుగా చెబుతున్నాను.
పెళ్లికీ చావుకీ ఆటకీ ఆ తోలువే.

కాలుగాలిన పిల్లి అంటారు గానీ
ఏ పిల్లీ ఇంత దూరం నడవదు.
మొదటి పావుభాగం చారలు బెంచి ముందే, బుద్ధిగా.
రెండో దాంట్లో మడమ ఇవతల, మునివేళ్లు తెల్లగీత మీద.
మూడో దాంట్లో
గీత ఎక్కడుందో గీతకే తెలియదు.

అరుపుల సంగతి నేల చెప్పదు.
అది స్కోరు బల్ల దగ్గరి యుర్గితని అడగాలి,
చెవుల్లో దూది పెట్టుకుని కూర్చుంటుంది.
రిఫరీని ఆయన అనే మాటల్లో సగం
మా అమ్మ ఆవుల్ని తోలేటప్పుడు వాడినవే.

నిన్న రొకిష్కిస్ జట్టుతో ఆట.
రెండు నిమిషాలుంది. ఒక్క పాయింటు వెనక ఉన్నాం.
మాంటవిదాస్ నిలబడాల్సిన చోట నిలబడలేదు.
పదహారేళ్లవాడు, నిరుడే బారెడు పెరిగాడు,
వాడి కాళ్లు వాడికింకా అలవాటు కాలేదు.
రిమ్‌గౌదాస్ చెయ్యూపాడు. అరిచాడు.
తర్వాత నడిచాడు.
పరుగు కాదు, నడక,
ఉప్పు కోసం వంటింట్లోకి వెళ్లినట్టు.
బంతి ఆటలోనే ఉంది.
కుర్రాడి మోచెయ్యి పట్టుకుని
రెండడుగులు ఎడమకి జరిపాడు, బీరువాని జరిపినట్టు.
తక్కిన తొమ్మిది మందీ
ఏట్లో బండ చుట్టూ నీళ్లలా వాళ్లని చుట్టుకుపోయారు.
అవతలివాళ్ల పాస్ ఒకటి వచ్చి
ఆయన వీపుకి తగిలింది,
ఠప్పుమని.

అప్పుడు విజిల్.
అప్పుడు నవ్వు, హాలంతా నవ్వు,
అవతలి కోచ్ కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ మరీ.
ఆయన మాత్రం నవ్వలేదు.
ఎవరికి ఊదావని రిఫరీని అడిగాడు.
నాలుగు పాయింట్లతో ఓడిపోయాం.

ఇవాళ నేను బకెట్ నింపుతుంటే తలుపు చప్పుడు.
మేజోళ్లతో వచ్చాడు, బూట్లు చేత్తో పట్టుకుని,
అర్ధరాత్రి దొంగలా ఇల్లు చేరిన కుర్రాడిలా.
"జెనోనాస్, నేను ఎంత దూరం వెళ్లాను?"
చూపించాను.
తన అడుగుల్లో తనే అడుగులు వేస్తూ
పైకి లెక్కపెట్టాడు.
ఆరు.
"ఒకటే అనుకున్నాను," అన్నాడు.
"గీత ఇంకా నా ముందే ఉందనుకున్నాను."

నేనేమీ అనలేదు.
చెప్పాలంటే ఉంది.
జాతీయజట్టు ఆట టీవీలో వచ్చే రోజు
మా ఆవిడ పూలకుండీలన్నీ ముందుగానే వరండాలోకి చేరవేస్తుంది.
పోయినేడు ఒకటి మర్చిపోయింది.
మా ఇంట్లో గీత లేదు, విజిల్ లేదు,
ఆవిడ చూపు తప్ప.

ఒక గుడ్డ విసిరాను.
మోకాళ్ల మీద కూర్చుని రుద్దడం మొదలెట్టాడు,
అన్నిటికన్నా దూరపు చార నుంచి వెనక్కి.
రెండు మొండికేశాయి, టర్పెంటైన్ ఇచ్చాను.
రేపు ఎనిమిదింటికి చిన్నపిల్లల కసరత్తు,
ఉత్తికాళ్లతో వస్తారు.

గీత దగ్గరికి వచ్చాక ఆగాడు.
అరచెయ్యి దాని మీద ఆనించాడు.
అయిదు సెంటీమీటర్ల పెయింటు,
ఏటా పూసీ పూసీ కాస్త ఎత్తెక్కింది.
చేతికి తెలుస్తుంది.
తోలు అట్టకి తెలియదు.

"రబ్బరువి ఎంతుంటాయి?" అని అడిగాడు తలెత్తకుండా.
నాకు తెలిసిన ధర చెప్పాను.
"అంతా!" అన్నాడు.