తూకం రాళ్లు

గార దాటాక బస్సులో మిగిలింది
నేనూ, కండక్టరూ, ఎవరిదో ఒక ఐసు పెట్టె.
నా ఒళ్లో ఆకుపచ్చ మఖమలు పరిచిన చెక్క పెట్టె,
అందులో రెండు కిలోల నుంచి ఒక గ్రాము దాకా
ప్రభుత్వం నమ్మే ఇత్తడి.
దీన్ని మోసుకుని ఊళ్లు తిరిగి
ఎవరి కిలో ఎంత నిజమో చెప్పడం నా ఉద్యోగం.

కళింగపట్నం.
పేరు వింటే ఓడలు కనిపిస్తాయి.
దిగితే, ఒక టీ బడ్డీ,
ఎండు నెత్తళ్ల మీద వాలని కాకిని
అదే పనిగా తోలుతున్న పిల్ల.
"లైటవుసు అటు, గోదాములిటు" అన్నాడు బడ్డీ గున్నయ్య
అడగకుండానే.
"వచ్చినోళ్లు అడిగేవి రెండే బావూ,
బాత్రూమెక్కడ, ఫోటో ఎక్కడ."

వంశధార ఇక్కడ సముద్రంలో వెంటనే కలవదు.
కాసేపు బేరమాడుతుంది.
మధ్యలో ఇసుకమేట
ఏడాదికో చోట దళారీలా కూర్చుంటుంది.
ఈ ఏరు పట్టుకుని ఎగువకి పోతే రాజధాని ఉండేదంటారు.
అక్కడి శాసనాలు చదివిన మాస్టారు
చిన్నప్పుడు మాకు చెప్పారు,
అఖండ దీపానికి ఇన్ని ఆవులు, ఇంత నెయ్యి.
ఇంత అంటే ఎంతండీ అన్నాను.
ఆ కొలపాత్ర ఇప్పుడెవరి దగ్గరా లేదురా అన్నారు.
ఆ జవాబు ఇప్పటికీ నాకు అరగలేదు.

కూలిన గోడ నీడలో చేపల గంపలు.
నన్ను చూడగానే రెండు తక్కెళ్లు
గోనెల కిందికి దూరాయి. అలవాటే.
మైలపిల్లి కొర్లమ్మ మాత్రం
కవళ్లు పక్కకి నెట్టి
ఒక ఇనప గుండు నా ముందుకి దొర్లించింది.

"మా ముసిల్దాని ముసిల్దిది బావూ.
తెల్లోడు గోదాం మూసీసిన్నాడు
కూలి డబ్బులు బాకీ ఉంటే
దీన్నెత్తుకొచ్చీసినాదట."

నెత్తిన కిరీటం, సగం అరిగి.
కింద ఒక అంకె,
వేలితో తడిమితే ఏడో, ఒకటో.

త్రాసు కట్టాను.
ఇటు నా ఇత్తడి, అటు ఆమె ఇనుము.
గాలికి ముల్లు నిలవలేదు.
కొర్లమ్మ లేచి కొంగు అడ్డం పట్టింది.
గంపల వాళ్లందరూ మెడలు చాచారు,
గోనెల కింద తక్కెళ్లు దాచినవాళ్లు కూడా.

తక్కువే ఉంటుంది.
ఎంత తక్కువో చెప్పాలంటే
ముందు ఎంత ఉండాలో తెలియాలి.
ఆ కొలతని నేను పుట్టకముందే కొట్టేశారు.

"ఉప్పు బావూ" అంది.
"గోదాం తిన్నాది, ఈ గోడ తిన్నాది,
మా ఆయన పాదాలు తిన్నాది.
దీన్నొదులుద్దా?"

"దీంతో తూస్తే కొనేవాడికి నష్టం కదమ్మా."

"దీంతో ఎవుడు తూస్తాడు?"
గంప వెనక నుంచి పసుపు రంగు కరెంటు కాటా తీసింది,
అద్దం మీద చేప పొలుసు ఒకటి మెరుస్తూ.
"ఇది పట్టా ఎగిరిపోకుండా."

మరి నాకెందుకు చూపించావన్నాను.

"వందేళ్లయినాది.
దీన్ని తూసినోళ్లు నేరు."

రిజిస్టరులో మూడే గడులు,
సరి, సరి కాదు, జప్తు.
కొర్లమ్మ పేరు దగ్గర
కాటా ఒకటి, సరి, అని రాశాను.
గుండు సంగతి రాయలేదు.
మిగతా ఇద్దరివీ గోనెలు ఎత్తించి చూశాను.
ఒకరికి జరిమానా పడింది.
ఆవిడ తిట్టిన తిట్లు ఇక్కడ రాయను.

పొద్దు వాలాక దీపస్తంభం వెలిగింది.
ఈ రేవుకి ఏ ఓడా రాదు.
దూరంగా పోయేవాళ్లకి
ఇటు రావద్దని చెబుతోందో,
ఇక్కడో ఊరుందని చెబుతోందో.
గున్నయ్యని అడిగితే
"కరెంటోడికి తెలాల" అన్నాడు.

మర్నాడు ఆఫీసులో పెట్టె తెరిచాను.
మఖమలు మీద సన్నటి ఉప్పు.
మఖమలు అలాగే వదిలేసి
గ్రాము రాయి ఒక్కటీ తీసి
మెత్తటి గుడ్డతో,
రెండుసార్లు,
తుడిచాను.