మైనరు సొత్తు

గుణుపురం సబ్ ట్రెజరీలో ఇనపగది తలుపు
చైత్రంలో ఒక్కసారి అమ్మవారి నగలకోసం తెరుస్తారు.
రెండు తాళాలు. ఒకటి ఆఫీసరుది, ఒకటి క్యాషియరుది.
తూకానికి నేను.
మా నాన్న తర్వాత నేను.

ఇదివరకటి ఆఫీసర్లు చెప్పులు గుమ్మం అవతల విడిచి
పెట్టె కనబడగానే చెంపలేసుకునేవారు.
తక్కెడ తీయబోతే చెయ్యి పట్టుకునేవారు:
"అమ్మని తూస్తావేటి ఆచారీ, కళ్లు పోతాయి!
పోయినేడు ఎంతుందో అంతే రాసీ."
రాసీసేవాణ్ణి.
పదకొండేళ్లు అదే అంకె,
అదే నా సంతకం,
తిరిగొచ్చేటప్పుడు చేతిలో అదే ప్రసాదం పొట్లం.

ఈ ఏడు వచ్చినాయన పేరు ఎలియాజరు రయితా.
సెరంగో అవతల సవర కొండల్లో పుట్టి
బాప్టిస్టుల బడిలో చదువుకున్నాడు.
ఫైలు ఒడియాలో, కూరగాయల బేరం తెలుగులో,
ఫోన్లో వాళ్లమ్మతో సవరలో.

ధర్మకర్త బెహరాగారు కుంకం పళ్లెం చాపితే
రెండు చేతులూ వెనక్కి కట్టుకుని
"నాకు వద్దండి" అన్నాడు.
"బొట్టు లేకుండా అమ్మ సొమ్ము ముట్టుకుంటావా?"
"ముట్టుకోవడం నా డ్యూటీ. మొక్కడం కాదు."
బయట డప్పు ఆగిపోయింది.
ఎవడో ఠాణాకి ఫోన్ చేస్తున్నాడు.
ఎవడో, ఎందుకైనా మంచిదని, విడిచిన చెప్పులు తొడుక్కున్నాడు.

ఆయన రిజిస్టరు తెరిచాడు.
మద్రాసు కాలం నాటి అచ్చు ఫారం.
సొంతదారు పేరు: శ్రీ నీలమణి ఠాకురాణి.
ఆ పక్క గడిలో,
సొంతదారు ఉన్నట్టు ధ్రువీకరించి సంతకం చెయ్యవలెను.
అక్కడ కలం ఆగింది.

ఆ ఆగడం నేనెరుగుదును.
మూసలో బంగారం కరిగే ముందు
ఒక్క క్షణం అలాగే బిగుసుకుంటుంది.
రాయి రాయేనని వాళ్లయ్య నేర్పాడు.
ఇక్కడ సంతకం పెడితే, ఆవిడ ఉందన్నట్టు.
పెట్టకపోతే పెట్టె కదలదు, రథం కదలదు,
ఊళ్లో మరేం కదులుతుందో చెప్పలేం.

ఫ్యాను తిరుగుతోంది.
ఆయన వేలు కింది వరుస మీదికి జారింది.
సిరా వెలిసిన అక్షరాలు:
చట్టము దృష్టిలో సొంతదారు మైనరు.
"మైనరంటే?" అన్నాడు, తెలిసే.
"పసిపిల్ల లెక్కండి. ఎన్నేళ్లొచ్చినా."
"ఆవిడ ఉందో లేదో నేను చెప్పను.
పసిదాని సొత్తు నా గదిలో ఉంది.
దానికి సంతకం పెడతాను" అని
మార్జిన్లో ఆ ముక్కే రాశాడు,
బడిపిల్లాడిలా, గుండ్రంగా.
రాసి, నా వైపు తిరిగాడు:
"పసిదాని సొత్తు తూచకుండా ఇవ్వకూడదు కదా.
తక్కెడ తియ్యండి."

హారం సరిపోయింది. ముక్కెర సరిపోయింది.
వడ్డాణం
పళ్లెంలో పెట్టగానే పైకి లేచింది,
ఎండిన ఆనపకాయలా.

బెహరాగారు గోడ మీది క్యాలెండరు చూస్తున్నారు.
ఒరగల్లు మీద గీశాను.
గీత పచ్చగా మొదలై చివర్న ఎర్రబడింది.
కొక్కెం తిప్పి చూశాను. లోపలివైపు, కీలు కింద,
మూడు చుక్కలు.
అతుకు కుదిరిందని గుర్తుగా
మా నాన్న ఉలి మొనతో పొడిచే చుక్కలు.
మా ఇంటికి పెంకులు దిగి స్లాబు ఎక్కిన ఏడు
గుర్తొచ్చింది.

పొద్దున్నే ఆవిడ పటానికి
దండం పెట్టి బయల్దేరినవాణ్ణి నేను.
నా నుదుటి కుంకం చెమటకి కారి
కంట్లో పడింది.

ఆయన ఏమీ అనలేదు.
గడి చూపించాడు: నాణ్యము పరీక్షించినవారి సంతకము.
కలం మూత తీసి మరీ ఇచ్చాడు.

బయట డప్పు మళ్లీ అందుకుంది.
"ఎంతుంది, ఆచారిగారూ?"