పంటిగాట్లున్న పెన్సిల్

రేవు గదిలో, టికెట్ల కిటికీ పక్క గోడకి
ప్రతి సోమవారం ఒక కాగితం గుచ్చుతాను.
పదకొండేళ్ళయింది.
ఈ చిలోయె దీవుల్లో వాన కురిసినన్నాళ్ళూ
చదివేవాళ్ళకి కొదవ లేదు.
తల దాచుకోడానికి ఇంకో చోటు లేదు మరి.

మొదటి కాగితం మా అత్త నోల్ఫా గురించి:
బంగాళాదుంప తొక్క ఎంత పల్చగా తీసేదంటే
ఆ తొక్కలోంచి సముద్రం కనబడేది.
తర్వాత ఉన్ని ధర గురించి, నా మోకాలి గురించి,
ఒక శీతాకాలం దారి తప్పి రేవులోకొచ్చి
మూడు రాత్రులు బుసలు కొడుతూ
ఊరిని నిద్రపోనివ్వని తిమింగలం గురించి.

మీరు చదువుతారు. నాకు తెలుసు.
చిల్లర లెక్కపెడుతున్నట్టు తల వంచుకుని
కిటికీ అద్దంలో మీ నీడల్నే చూస్తుంటాను.
గొడుగు నీళ్ళు ఎక్కడ మడుగు కట్టాయో చూసి
ఎవరు ఎంతసేపు నిలబడ్డారో చెప్పగలను.
మస్సెల్ గుల్లలమ్మే ఎరాస్మో రెండో పేరా దగ్గర ఆగిపోతాడు.
టీచరు ఒతీలియాకి పెదవులు కదులుతాయి.
ఎర్ర టోపీ పిల్లాడు ఆఖరి వాక్యం ముందు చదివి
అక్కణ్ణించి పైకి పాకుతాడు, పీతలాగా.
ఇంతలో ఓడ కూత వేస్తుంది.
ఉలుకూ పలుకూ లేకుండా వెళ్ళిపోతారు.

గోడలకి చెవులుంటాయంటారు.
నా గోడకి కళ్ళు కూడా వచ్చాయి.
నోరొక్కటే రాలేదు.

అందుకే పోయిన మార్చిలో
కాగితం అడుగున సగం ఖాళీ వదిలి
వలదారంతో ఒక పెన్సిల్ వేలాడగట్టాను.

వారం తిరిగింది. ఖాళీ ఖాళీగానే ఉంది.
పెన్సిల్ విప్పి చూద్దును కదా,
వెనక కొస నిండా పంటిగాట్లు!
ఒక వరస చిన్నవి, పాలపళ్ళవి.
ఒకటి లోతుగా దిగింది, దాని పక్క పన్ను లేదు.
అంటే, ఎవరో నిలబడ్డారు.
ఎవరో ఆలోచించారు, కొరికారు.
మాట నాలిక చివరిదాకా వచ్చి
కర్ర రుచి చూసి వెనక్కెళ్ళిపోయింది.
ఆ రాత్రి ఆ పెన్సిల్నే
ఉత్తరంలాగా మళ్ళీ మళ్ళీ చదువుకున్నాను.

మౌనం అర్ధాంగీకారమట.
సరే, ఆ సగం ముట్టింది.
తక్కిన సగం ఎవరి జేబులో ఉంది?

మీ అక్షరాలు బాగుండవనా?
నావి చూడండి, గాలికి ఒరిగిన కంచెలా ఉంటాయి.
చెప్పడానికేం లేదనా?
వాన గురించి రోజూ చెప్పుకుంటాం కదా,
తను కురుస్తున్నానని వానకి తెలీకనా?

ఒకసారి "రొసాల్బా పడవది నీలం రంగు" అని రాశాను.
మంగళవారం పొద్దున నీలం మీద ఒక గీత.
పైన, చీమంత అక్షరాల్లో: ఆకుపచ్చ.
అంతే. సంతకం లేదు.
తలుపుదాకా పరిగెత్తాను. బయట వాన,
ఎవరూ లేరు, ఒక తడిసిన కుక్క తప్ప.

మా అన్న ఎక్కి వెళ్ళిన పడవ అది.
నలభై ఏళ్ళుగా నేనొక్కదాన్నే
దాన్ని తప్పు రంగులో మోస్తున్నాను.
ఇప్పుడు ఇంకొకరు ఒక పక్క పట్టుకున్నారు.

కాబట్టి, గీత కొట్టండి.
"అబద్ధం, మీ అత్త అంత పిసినారి కాదు" అని రాయండి.
"మోకాలి సంగతి ఇక చాలు" అనండి,
నవ్వుకుని, కాస్త ఉడుక్కుని, చాలిస్తాను.
రాయడం రాకపోతే ఒక చేప గీయండి.
అదీ కాదంటే కొరకండి, పర్లేదు,
కానీ ఈసారి కాస్త గట్టిగా.

పెన్సిల్ ఇప్పుడు వేలెడు మిగిలింది,
మీరు రాసి కాదు, నేను చెక్కి చెక్కి.
ఓడకింకా ఇరవై నిమిషాలుంది.
నేనిటు తిరిగి చిల్లర లెక్కపెట్టుకుంటాను.
చూడను.
అద్దంలో కూడా చూడను, ఒట్టు.