కాళ్ల పీట

కోర్టు హాల్లో ఎత్తుమీది కుర్చీ
ఏ కాలం దొర కొలతలకు చేసిందో,
దేవసేనమ్మ గారు కూర్చుంటే
పాదాలు నేలకు జానెడు అందేవి కావు.
బోనులో నిలబడేవాళ్లకు ఈ సంగతి తెలియదు.
దఫేదారును, నాకు తెలుసు.

పుంగనూరులో మున్సిఫుగా చేరిన మూడోనాడు
"రెడ్డెప్పా, ఏదైనా చెక్క దొరుకుతుందా?" అన్నారు,
ఫైలు అడిగినట్టే.
మా అమ్మ కూర్చొని సంగటి కెలికే పనసచెక్క పీట
తువ్వాల్లో చుట్టి తెచ్చినా.
వారం దాకా అమ్మ నన్ను తిడతానే ఉండింది.

మదనపల్లె, శ్రీకాళహస్తి, చిత్తూరు, తిరుపతి.
బదిలీ ఉత్తర్వు వచ్చినప్పుడల్లా
జీపులో లా పుస్తకాల కట్టల మీదికి పీట ఎక్కేది.
నేను రెండుచోట్లకే పోగలిగినా.
ముప్పై ఏళ్లు ప్లీడర్లు ఆమెను "సార్" అనే అన్నారు.
ఆమె దిద్దలేదు.
గట్టు తగాదాలు, చెల్లని చెక్కులు, మనోవర్తి,
ఒకే బావిలో అన్నదమ్ముల నీళ్ల వాటా,
మొదటి ప్రశ్నకే బోనులో కునుకు తీసిన సాక్షి.
వరండాలో నేను మూడుసార్లు అరిచిన పేరు
లోపల ఆమె చేతిరాతలో ఒక్కసారే పడేది.

తిరుపతిలో ఎర్రచందనం కేసు.
జవ్వాది కొండల నుంచి వచ్చిన కూలీ, వెల్లయ్యన్.
అరవం తప్ప రాదు. పక్కన దుబాసీ.
అతను చానాసేపు మాట్లాడినాడు.
"తెలియదంటున్నాడు" అన్నాడు దుబాసీ.
అమ్మగారి కలం ఆగింది.
"అతనన్నది అది కాదు.
కిలో లెక్కన కూలి అన్నారు,
ఏ చెట్టో చెప్పలేదు, ఇంట్లో బియ్యం లేవు అన్నాడు.
అట్లే రాయండి."
వాళ్లింట్లో అరవమేనని
ఆ రోజే మాకు తెలిసింది.

అంతా రాయించినారు.
అయినా అయిదేళ్లు వేసినారు.
దుంగలు దొరికినాయి, గొడ్డలి దొరికింది,
చట్టంలో బియ్యానికి గడి లేదు.
తీర్పు చదివేటప్పుడు గొంతు ఎప్పటిలాగే ఉండింది.
నేను పీట వైపు చూసినా.
కాలివేళ్లు చెక్కను పట్టుకోని
తెల్లగా పాలిపోయి ఉన్నాయి.

రిటైరైన రోజు పీట నాకే ఇచ్చినారు,
"మీ అమ్మది కదా" అని.
అమ్మ పోయి అప్పటికే పదేండ్లు.

మొన్న జూన్‌లో చిత్తూరు మామిడి మండీలో కనిపించినారు.
చేతిలో ఖాళీ సంచి.
తోతాపురి ధర మీద ఇద్దరు కొట్లాడుకుంటా ఉంటే
రెండువైపులా వింటా నిలబడినారు, ఏమీ కొనకుండా.
బుట్ట మోసే ఒకాయన ఆగి, తేరిపార చూసి,
వచ్చీరాని తెలుగులో
"అమ్మా, మీరింత పొట్టా?" అన్నాడు.

ఆ పేరు నా నాలిక చివరికొచ్చి ఆగిపోయింది.
అమ్మగారు తలెత్తినారు,
కింది నుంచి పైకి.
ఏదో అన్నారు, అరవంలో.
అతనూ అన్నాడు, చానాసేపు,
నెత్తిన బుట్ట దించకుండానే.
మధ్యలో దుబాసీ లేడు.
నాది పుంగనూరు, నాకా భాష రాదు.
చితికిన కాయలూ బురదా కలిసిన నేల మీద
ఆమె పాదాలు రెండూ ఆని ఉండేది మాత్రం చూసినా.

"పక్కకు జరగండమ్మా, లారీ" అని ఎవరో కేకేసినారు.
ముగ్గురం జరిగినాము.